అడవి మృగం ఎవరి సొత్తు?

వన్యప్రాణుల్ని కాపాడాలని వ్యాసరచన పోటీల్లో అందరమూ రాస్తాం. మా వేరుశనగ చేను మీద అడవిపందులు పడితే రాత్రంతా మంచె మీద డబ్బా కొట్టింది మాత్రం మా నాన్న. తెల్లారేసరికి ఆ జంతువుల్ని ప్రేమించమంటే ప్రేమిస్తాడా?

ఆఫ్రికాలో ఈ చిక్కు మనకంటే పెద్దది. అక్కడ చేలో పడేది ఏనుగు. జింబాబ్వేలో 1989లో మొదలైన క్యాంప్‌ఫైర్ పథకం వేట లైసెన్సుల సొమ్ములో పల్లెలకు వాటా ఇమ్మన్నది. అయితే పెత్తనం జిల్లా కౌన్సిళ్ళది. చాలాచోట్ల పెద్ద వాటా అక్కడే ఆగింది, ఊళ్ళోకి చిల్లర వచ్చింది. నమీబియా 1996లో చట్టం సవరించి, పొలిమేర గీసుకుని, సభ్యుల జాబితా రాసుకుని, కమిటీ వేసుకున్న ప్రజలకే నేరుగా హక్కిచ్చింది. 1998లో నాలుగు సంఘాలు రిజిస్టరయ్యాయి. నేడు ఎనభైకి పైనే. కాపలా వాళ్ళ మనుషులదే, లాడ్జీ కంపెనీతో బేరమూ వాళ్ళదే. 2020లో కరోనా వచ్చి యాత్రికులు ఆగిపోతే మాత్రం ఆదాయం కుంగింది. (ఒకే పంటను నమ్ముకున్నవాడి గతి మనకు చెప్పనక్కర్లేదు.)

నన్నడిగితే, లాభం కంటే ముందు లెక్క కావాలి. ఎంతొచ్చింది, ఎవరికి పోయింది అని సభలో లేచి అడిగే హక్కుండాలి. పంట పోయినవాడికి ముందు, కమిటీ భవనానికి తరువాత. అలాగైతే మా నాన్న డబ్బా కొట్టడం మానడు గాని, ఉచ్చులు పన్నేవాణ్ణి తనే పట్టిస్తాడు.