నేరం ఇంటి జబాన్‌ది కాదు

రెండేళ్లు దాటినా బచ్చా మాట్లాడకపోతే మన ముహల్లాల్లో రెండు సలహాలు రెడీగా ఉంటాయి. మొదటిది దాదీమాది. "ఇస్కే అబ్బా బీ తీన్ సాల్ కో బాతాఁ కరే." తండ్రికీ మూడేళ్లకే మాటొచ్చింది, సబర్ చెయ్యండి అని. రెండోది చదువుకున్నవాళ్లది. "ఇంట్లో ఉర్దూ, గల్లీలో తెలుగు, స్కూల్లో ఇంగ్లిష్. పిల్లాడు కన్‌ఫ్యూజ్ అవుతున్నాడు. ఇంట్లో ఉర్దూ ఆపేయండి." మొదటి సలహా టైము పోగొడుతుంది. రెండోది పిల్లాడి నోటి దగ్గరి మాటనే లాక్కుంటుంది. నా నజర్‌లో రెండూ గలతే. కానీ రెండోదానికి ఇల్మ్ ముసుగు ఉంది కాబట్టి అది ఇంకా ఖతర్‌నాక్.

రెండు జబాన్లు వినడం వల్ల ఏ పిల్లాడికీ మాట ఆగిపోదు. స్పీచ్ థెరపీ తెలిసినవాళ్లు ఎన్నో ఏళ్లుగా చెబుతున్న మాట ఇది. "అమ్మీ, పానీ కావాలి" అంటే అది గందరగోళం కాదు, ఉన్న రెండు సంచుల్లోంచీ మాట తీసుకోవడం. అందుకే మాటలు లెక్కపెట్టేటప్పుడు 'పానీ', 'బంతి', 'బాల్' అన్నీ కలిపి లెక్కపెట్టాలి. ఇంగ్లిష్ మాటలు మాత్రమే లెక్కపెట్టి వెనకబడ్డాడనడం నాఇన్సాఫీ.

ఉర్దూ ఆపేస్తే ఇంట్లో ఏమవుతుందో ఆలోచించండి. రోజంతా బచ్చాతో మాట్లాడేది నానీ, దాదీ. వాళ్లకు ఇంగ్లిష్ రాదు, ఇక నోరు మూసుకోవాలి. అమ్మీ ఇంగ్లిష్ "కమ్, సిట్, ఈట్" దగ్గర ఆగిపోతుంది. లాడ్ చేయడం, లోరీ పాడటం, కసురుకోవడం, కహానీ చెప్పడం మనసులోంచి వచ్చే జబాన్‌లోనే కుదురుతాయి. మాట రాని పిల్లాడికి వినే మాటలు కూడా తగ్గించేస్తే అది ఏం ఇలాజ్? తెలుగే ఇంటి భాషగా ఉన్న దూదేకుల కుటుంబాలకూ ఇదే వర్తిస్తుంది. వాళ్లకు తెలుగే ఘర్ కీ జబాన్, దాన్నీ ఎవరూ మాన్పించకూడదు.

ఇక తలఫ్ఫుజ్ సంగతి. రెండు మూడేళ్ల పిల్లలు 'రోటీ'ని 'లోటీ' అంటారు. 'ర', 'ళ', 'ణ' లాంటివి ఆలస్యంగానే కుదురుతాయి. కిస్మత్‌ను ఖిస్మత్ అన్నారంటే అది నాలుక లోపం కాదు, గొంతులోంచి పలికే 'కాఫ్'ను 'ఖ' చేయడం మన దక్కనీ మిజాజ్. ఇంటికి మెహమాన్లు వచ్చినప్పుడు బచ్చాను నిలబెట్టి "సరిగ్గా అను, మళ్లీ అను" అని పరీక్ష పెట్టకండి. వాడు 'లోటీ' అంటే "హా బేటా, రోటీ కావాలా? గరం గరం రోటీ!" అనండి. సరైన మాట వాడి చెవిన పడుతుంది, షరమ్ పడదు.

అలాగని చేతులు కట్టుకుని కూర్చోమని కాదు. ఏడాది దాటినా పేరు పిలిస్తే తిరగకపోయినా, ఏడాదిన్నరకు వేలితో చూపించకపోయినా, ఒక్క మాటా లేకపోయినా ఫిక్ర్ చేయాలి. రెండేళ్లకు రెండు మాటలు కలపకపోయినా, మూడేళ్లకు బయటివాళ్లకు వాడి మాట చాలావరకు అర్థం కాకపోయినా చూపించాలి. వచ్చిన మాటలు పోతుంటే ఒక్కరోజు కూడా ఆగొద్దు. మన ఇళ్లలో బిస్మిల్లా చేసేది నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు. అప్పటిదాకా చూద్దామంటే చాలా దేర్ అయిపోతుంది.

మొట్టమొదట చూపించాల్సింది నాలుక కాదు, చెవి. పుట్టగానే మనం బిడ్డ చెవిలో అజాన్ ఇస్తాం. ఆ చెవికి వినిపిస్తోందో లేదో తెలిపే పరీక్ష పుట్టిన కొద్దిరోజులకే చేయొచ్చు. గిన్నె పడితే ఉలిక్కిపడ్డాడు కాబట్టి చెవులు ఠీక్ అనుకోకండి. పెద్ద చప్పుడు వినిపించినా మాటలోని సన్నటి శబ్దాలు అందకపోవచ్చు. జలుబు తర్వాత చెవి లోపల నీరు చేరినా వినికిడి తగ్గుతుంది. దగ్గరి రిష్తాల్లో పెళ్లిళ్లు జరిగిన ఇళ్లలో పుట్టుచెవుడు ఎక్కువగా కనిపిస్తుంది. ఇది మనకొక్కళ్లకే కాదు, మేనరికాలు చేసుకునే హిందూ ఇళ్లకూ వర్తిస్తుంది. ఖాందాన్ ఇజ్జత్ అని డాక్టరు దగ్గర దాచొద్దు. వినికిడి లోపం ఎంత త్వరగా తెలిస్తే హియరింగ్ ఎయిడ్‌తోనో, కాక్లియర్ ఇంప్లాంట్‌తోనో మాట అంత బాగా వస్తుంది.

వస నాకిస్తే వసపిట్టలా మాట్లాడతాడని నమ్మేవాళ్లున్నారు. అది పసివాళ్లకు వాంతులు తెప్పించగలదు, మానండి. డాక్టరు చెప్పకుండా నాలుక కింది పొర కోయించొద్దు, మాట మొదలవకపోవడానికి కారణం అది కాదు. దమ్ చేయించండి, నాకేం ఎతరాజ్ లేదు. దువాతో పాటు దవా కూడా ఉండాలి, ఆ వారమే చెవి పరీక్ష జరగాలి. ఫోను మాత్రం తీసి పక్కన పెట్టండి. రెండేళ్లలోపు స్క్రీనే వద్దు, ఆ తర్వాత రోజుకు గంట మించొద్దు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. కార్టూన్ ఎంత మాట్లాడినా బచ్చా మాటకు జవాబివ్వదు.

చూపించడానికి వేలకు వేలు అక్కర్లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలి. అవసరమైతే జిల్లా కేంద్రంలోని ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌కు పంపాలి. వాక్కు, వినికిడి కోసం 1983లో ముంబైలో పెట్టిన జాతీయ సంస్థకు మన హైదరాబాదీ అలీ యావర్ జంగ్ పేరే ఉంది. ఆయన ఉస్మానియా వైస్ చాన్సలర్‌గా పనిచేసినవారు. ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉంది. దేశమంతా ఆ పేరు చెప్పుకుని వెళ్తుంటే, పాతబస్తీ అమ్మీలకు ఆ దారి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

అక్కడికి వెళ్లినప్పుడు ఒక్క మాట గట్టిగా అడగండి: "మా ఇంటి మాటలతోనే మొదలుపెట్టండి. ఇంట్లో ఏం చేయించాలో మా జబాన్‌లో చెప్పండి." అది మెహర్బానీ కాదు, మీ బచ్చా హక్. థెరపిస్టు వారంలో ఒక గంటే మాట్లాడతారు. మిగతా గంటలన్నీ మీవే. మీకు వచ్చిన జబాన్‌లో, మనసు నిండా మాట్లాడండి.