జ్వరం బిడ్డకు, లెక్క కూలికి

భిలాయి ఉక్కు కర్మాగారాన్ని ఆనుకుని ఉన్న ఉతై లాంటి ఊళ్లలో, బిడ్డ ఒళ్లు కాలుతుంటే పొద్దున్నే తల్లిదండ్రులు తేల్చుకోవాల్సింది ఒకటే: ఈ రోజు బడికి పంపాలా, వద్దా? చూడటానికి ఇది వైద్యానికి సంబంధించిన ప్రశ్న. నిజానికి కూలికి సంబంధించినది.

వైద్యుల సలహా సూటిగానే ఉంటుంది. మందు వేయకుండా 24 గంటలు జ్వరం రాకపోతే బడికి పంపొచ్చు. వాంతులు, విరేచనాలు ఆగాక 48 గంటలు ఆగాలని బ్రిటన్‌లో చెబుతారు. ఆటలమ్మ అయితే పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టేదాకా, తట్టు అయితే దద్దుర్లు మొదలయ్యాక నాలుగు రోజులు ఇంట్లోనే ఉంచాలి. కాస్త జలుబు, కొద్దిపాటి దగ్గు ఉన్నా బిడ్డ హుషారుగా ఉంటే మాన్పించనక్కర్లేదు.

చిక్కు పారాసిటమాల్ దగ్గర వస్తుంది. పొద్దున వేసిన మందు నాలుగైదు గంటలు పనిచేస్తుంది. మధ్యాహ్న భోజనం వేళకు జ్వరం మళ్లీ తిరగబెడుతుంది. ఈలోగా పక్క బెంచీ పిల్లలకూ అంటుకుంటుంది. 2023 వర్షాకాలంలో కళ్లకలక దేశమంతా బడుల్లో ఎంత వేగంగా పాకిందో చూశాం.

తెలిసీ పంపుతున్నారంటే దానికి కారణాలున్నాయి. పర్మనెంట్ ఉద్యోగి సెలవు పెట్టుకోగలడు. కాంట్రాక్టు కార్మికుడు ఒక పూట మానితే ఆ పూట కూలి పోతుంది. ఈఎస్‌ఐ అనారోగ్య భృతి కార్మికుడు జబ్బు పడితేనే వస్తుంది, అతని బిడ్డ పడితే రాదు. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు పిల్లల సంరక్షణ కోసం సర్వీసు మొత్తంలో 730 రోజుల సెలవు ఉంది. పాచిపని చేసే తల్లికి ఒక్క రోజూ లేదు. స్వీడన్‌లో జబ్బుపడిన బిడ్డ కోసం తల్లిదండ్రులకు ఏడాదికి 120 రోజుల వరకు భృతి ఇస్తారు.

బడి వైపు నుంచీ ఒత్తిడి ఉంది. సీబీఎస్‌ఈ పది, పన్నెండు తరగతులకు 75 శాతం హాజరు అడుగుతుంది. వైద్య కారణాలకు మినహాయింపు ఉన్నా కాగితాలు చూపాలి. ఒక్క రోజూ మానని పిల్లలకు బహుమతులిచ్చే బడులు, జ్వరంతో వచ్చినవాణ్నీ మెచ్చుకుంటున్నట్టే. సర్కారు బడి పిల్లలైతే మానిన రోజు అక్కడి భోజనమూ పోగొట్టుకుంటారు.

అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి వేపమండ కట్టి, బిడ్డను కదలనివ్వని రోజులుండేవి. నమ్మకం ఏదైనా, ఆ ఆచారం రోగిని ఇంట్లో ఉంచేది. చూసుకోవడానికి అమ్మమ్మో నాయనమ్మో ఉండేది. ఉత్తరాంధ్ర నుంచి ఉక్కు పనికి వలస వచ్చిన కుటుంబాల్లో చాలామందికి ఆ ఆసరా ఊళ్లోనే ఉండిపోయింది.

కాబట్టి తల్లిదండ్రులకు బుద్ధులు చెప్పడంతో పని జరగదు. హాజరు బహుమతులు ఆపడం, జబ్బు సెలవుకు ఇంటి నుంచి వచ్చిన చీటీ చాలనడం బడి చేతిలో ఉన్నాయి. కూలి పోకుండా కొద్ది రోజుల సెలవు ఇవ్వడం యాజమాన్యాల, ప్రభుత్వాల చేతిలో ఉంది. అవి జరగనంతకాలం బిడ్డ జ్వరాన్ని కొలిచేది థర్మామీటరు కాదు, ఆ రోజు కూలి.