దేవుడు రాని ఖైదీలు

మొన్న శంషాబాద్ పక్కనున్న అమ్మపల్లి రాములవారి గుడికి వెళ్ళాను. సినిమావాళ్ళకు అదో సెంటిమెంటు గుడి. అక్కడ మొదటి షాటు తీస్తే పిక్చర్ హిట్టేనట! ఆ రోజు షూటింగేమీ లేదు. నెత్తిమీదుగా విమానమొకటి గర్జిస్తూ పోయింది. రాముణ్ణి చూడగానే నాకు నాగయ్యగారి ‘రామదాసు’ గుర్తొచ్చింది.

మీకు 2006లో వచ్చిన నాగార్జున ‘శ్రీరామదాసు’ తెలుసు. అభిమాన హీరో సినిమా ఆర్నెల్లు వాయిదా పడితే గోలపెట్టేస్తారు కదూ! మా నాన్న నాగయ్యగారి చిత్రం కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. ‘పోతన’, ‘త్యాగయ్య’, ‘వేమన’ చూసిన మనిషాయె! ఆగుతూ సాగుతూ అది 1964లో గానీ విడుదల కాలేదు. నిర్మాత, దర్శకుడు, రామదాసు అన్నీ ఆయనే. అప్పటికి వయసు అరవై!

ఇక కథ. సర్కారు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించాడని తానీషా గోపన్నను గోల్కొండ ఖైదులో వేయించాడు. పన్నెండేళ్ళని చెప్పుకుంటారు. అనుమతి లేకుండా ఖర్చుపెట్టడం తప్పే అనుకుందాం. జేబులో వేసుకోలేదుగా! దానికి అంత శిక్షా? సాక్షాత్తూ రాముడే వచ్చి బాకీ తీరిస్తేగానీ తలుపు తెరుచుకోలేదంటే, అదేం న్యాయం? మరి దేవుడు రాని ఖైదీల గతేమిటి?

ఈ ప్రశ్న అడిగే ‘రామదాసు’ను ఎవరైనా మళ్ళీ తీస్తే, ఎన్నేళ్ళు ఆలస్యమైనా సరే, నేను ఎదురుచూస్తా. మరి మీరో?