మూడో చక్రం

ఈ నెల శీర్షికను చట్టంతో మొదలుపెడుతున్నందుకు చదువరులు విసుక్కోవద్దని మనవి. గుమాస్తా వాడికి ఏ విషయం చేతికి వచ్చినా, ముందు దాని తాలూకు సెక్షను ఏదో చూడనిదే నిద్ర పట్టదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం రెండవ సెక్షనులో మోటారు సైకిలు అంటే ఏమిటో చెప్పారు. అది రెండు చక్రాల మోటారు బండి; ప్రక్కన తగిలించి, కావాలంటే విడదీయడానికి వీలుగా, అదనంగా ఒక చక్రంతో వుండే సైడ్‌కారు కూడా అందులో చేరినదే. అంటే దారిన పోయేవాడు ఒకటి, రెండు, మూడు అని వేలు పెట్టి లెక్కించినా సర్కారువారి పద్దులో చక్రాలు రెండే. మూడోది ఖర్చుల్లో రాసుకోవలసిందే.

దీనివల్ల లాభమూ వుంది, నష్టమూ వుంది. జాతీయ రహదారుల మీద రెండు చక్రాల బండ్లకు టోలు లేదు గనుక దీనికీ లేదు. బెంగుళూరు–మైసూరు కొత్త రహదారి నడిమి బాట మీదికి మాత్రం 2023 ఆగస్టు 1 నుండి మోటారు సైకిళ్ళనూ ఆటోలనూ రానివ్వడం లేదు. కనుక రెండని లెక్కపెట్టినా, మూడని లెక్కపెట్టినా, ప్రక్కనున్న సర్వీసు రోడ్డే గతి. ఇక హెల్మెట్ సంగతి. పాత చట్టంలో సైడ్‌కారులో కూర్చున్నవారికి హెల్మెట్ నుండి మినహాయింపు వుండేది. 2019లో చట్టం సవరించినప్పుడు ఆ మాట ఎత్తివేశారు. ఇప్పుడు తొట్టిలో కూర్చున్న మహారాణి అయినా సరే, నెత్తిన టోపీ పెట్టవలసిందే.

ఇదంతా ఎందుకు తిరగేశానంటే, మా బావగారి కోసం. ఆయనకు అరవై నాలుగేళ్ళు. మా అక్కయ్యకు అరవై ఒకటి. ఒక కార్ఖానాలో పనిచేసి రిటైరయ్యారు. ముప్పయ్యేళ్ళ పైబడి ఆయనకు ఒకటే బుల్లెట్టు. మద్రాసు ప్రక్క తిరువొత్తియూరులో పుట్టిన బండి అది. అక్కడి కార్ఖానా 1955లో మొదలైంది. పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు, పలమనేరు పక్క మా పెద్దవాళ్ళ కర్మకాండలు, అన్నీ దాని మీదనే జరిగినాయి. అక్కయ్య ఎప్పుడూ వెనుక సీటు మీద ఒక ప్రక్కకు కూర్చుని, ఒడిలో సంచీతో.

రెండేళ్ళ క్రితం అక్కయ్యకు రెండు మోకాళ్ళూ మార్చారు. నడక బాగానే వచ్చింది గాని, డాక్టరుగారు ఒక్కటి గట్టిగా చెప్పారు: "కారెక్కండి, బస్సెక్కండి, ఆ ఎత్తు సీటు మాత్రం ఎక్కవద్దు." ఆ తరువాత కొన్నాళ్ళు బావగారు ఒంటరిగా వెళ్ళి, లాల్‌బాగ్ దగ్గర టిఫిన్ చేసి వచ్చేవారు. తరువాత అదీ మానుకున్నారు. ఒకనాడు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కాలి క్రింద ఇసుక జారి, బండి ప్రక్కకు ఒరిగిపోయిందట. అంతా బరువైన ఇనుము. దారిన పోయే కుర్రవాళ్ళు ఇద్దరు లేవనెత్తి, "జాగ్రత్త, తాతా" అన్నారట. ఈ సంగతి అక్కయ్యకు చెప్పలేదు, నాకు చెప్పారు. పడినందుకు కాదు, ఆ "తాతా" అన్నందుకు ఆయన మొహం చిన్నబోయి వుంది. బండి మీద గుడ్డ కప్పారు. పరదేశంలో వున్న మా మేనల్లుడు ప్రతి ఆదివారం ఫోనులో, "అది అమ్మేసి చిన్న కారు కొనుక్కోండి నాన్నా, డబ్బు నేను పంపిస్తాను" అంటూ వచ్చాడు. మాట సబబైనదే. కాని ఇంట్లో ఇద్దరూ మాట్లాడుకోవడం తగ్గిపోవడం నేను కళ్ళారా చూశాను. ఎక్కడికైనా వెడుతూ వుంటేనే మాట్లాడుకునే దంపతులు కొందరుంటారు. వీళ్ళు ఆ రకం.

సైడ్‌కారు ఆలోచన నాది కాదు, అక్కయ్యది. టి.వి.లో షోలే వేస్తుంటే చూసి అన్నది. 1975లో వచ్చిన ఆ బొమ్మను చాలా భాగం మన ప్రక్కనున్న రామనగరం బండల మధ్యనే తీశారు గదా. అందులో మిత్రులిద్దరూ పాడుకుంటూ పోతుంటే సైడ్‌కారు ఊడిపోయి, ఒక దారిన అదీ, ఒక దారిన బండీ పోయి, మళ్ళీ వచ్చి కలుసుకుంటాయి. "విడదీయడానికి వీలుగా" అన్న చట్టం మాటకు అంతకన్న ఉదాహరణ మరి లేదు. "అట్లా ఊడకుండా బిగించేవాడు దొరికితే నేను కూర్చుంటాను" అన్నది అక్కయ్య.

ఇదేమీ కొత్త వింత కాదు. సుమారు 1903లోనే ఇంగ్లండులో సైడ్‌కార్లు వచ్చాయి. కారు కొనలేని సంసారులకు చాలాకాలం అదే కారు. చిన్న కార్లు చవకబడేసరికి అక్కడ మూలపడింది. మన దేశంలోనూ అంతే. స్కూటరుకు తొట్టి బిగించి, అందులో తల్లినీ పిల్లలనూ కూర్చోబెట్టుకుని సినిమాకు వెళ్ళే సంసారాలు మా చిన్నతనంలో ఇంకా కనబడేవి. 1983 డిసెంబరులో మారుతి కారు వచ్చిన తరువాత అవి ఒకటొకటే కనుమరుగైనాయి. రష్యావారు యురల్ అనే సైడ్‌కారు బండిని యుద్ధకాలం నుండి ఇర్బిట్ అనే ఊళ్ళో చేస్తూ వచ్చారు. 2022 నుండి బిగింపు పని కజకస్తానుకు మార్చుకున్నారు. దానికి రివర్సు గేరు కూడా వుంటుంది. బుల్లెట్టుకు ఆ భాగ్యం లేదు. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

జె.సి. రోడ్డు సామాన్ల అంగళ్ళలో నాలుగు వారాలు వాకబు చేస్తే, చేతిపనిగా సైడ్‌కార్లు చేసే ఒక చిన్న వర్క్‌షాపు దొరికింది. మేస్త్రీ కన్నడమూ ఉర్దూ తెలుగూ ఒకే వాక్యంలో మాట్లాడే మనిషి. అతడు చెప్పింది విన్న తరువాత నాకు ఈ బండి మీద గౌరవం కలిగింది. ప్రక్క చక్రాన్ని ఊరికే బిగిస్తే చాలదట. దాని ముందు భాగం బండి వైపుకు అతి కొద్దిగా లోపలికి తిరిగి వుండాలి. బండి నిటారుగా కాక ఒక పిసరు కుడికి ఒరిగి వుండాలి. ఎందుకంటే మన రోడ్లు నడుమ ఎత్తుగా, ఎడమ అంచుకు వాలుగా వుంటాయి; ఆ వాలు బండిని ఎప్పుడూ ఎడమకు లాగుతూనే వుంటుంది. ఈ రెండూ కుదరకపోతే తోలేవాడి చేతులు అరగంటలో పడిపోతాయి, టైరు నెలల్లో అరిగిపోతుంది. రెండు పొడుగాటి చెక్కలు చక్రాలకు ఆనించి, టేపుతో ముందొకసారి, వెనకొకసారి కొలిచి, అతడు పూర్తిగా ఒక పూట గడిపాడు. ముందున్న పళ్ళచక్రం కూడా ఒక పన్ను తక్కువది వేశాడు, బరువు లాగడానికి.

బండి వచ్చిన తరువాత అసలు కథ. ముప్పయ్యేళ్ళ అనుభవం వున్నవాడికి ఇది నేర్పడం, ఏమీ రానివాడికి నేర్పడం కన్న కష్టం. మామూలు మోటారు సైకిలును ఒళ్ళు వంచి తిప్పుతాం. ఇది వంగదు. హ్యాండిల్ పట్టుకుని, ఎటు పోవాలో అటు బలంగా తిప్పాలి. యాక్సిలరేటర్ ఇస్తే, ప్రక్క బరువు వెనక్కు లాగి, బండి ఎడమకు పోతుంది. బ్రేకు వేస్తే, ఆ బరువే ముందుకు తోసి, బండి కుడికి, అంటే ఎదురుగా వచ్చే లారీల వైపుకు పోతుంది. అన్నిటికన్న ప్రమాదం ఎడమ మలుపు. వేగంగా తిరిగితే ప్రక్క చక్రం గాలిలోకి లేస్తుంది. లేవగానే భయపడి హ్యాండిల్ సరిచేస్తే నేరుగా అవతలి బాటలో తేలుతాం. మలుపుకు ముందే వేగం తగ్గించి, ఒళ్ళు ఎడమకు వేసి తిరగాలి. ఖాళీ తొట్టితో ఇది మరీ ఎక్కువ. అందుకని మేస్త్రీ, "అమ్మగారు లేనప్పుడు 25 కిలోల బియ్యం బస్తా పెట్టుకోండి, సార్" అన్నాడు. మొదటి మూడు వారాలు ఉదయం ఆరు గంటలకు ఒక బడి మైదానంలో, అక్కయ్య బదులు సోనామసూరి బస్తాను కూర్చోబెట్టుకుని బావగారు గుండ్రంగా తిరిగారు. రెండుసార్లు గోలుపోస్టుకు రాసుకున్నారు. బస్తా ఏమీ అనలేదు.

నాల్గవ వారం అక్కయ్య ఎక్కింది. ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మన సంఘంలో ముగ్గురు పెద్దలు అప్పుడే ఆ మేస్త్రీ అడ్రసు అడిగారు. కాళ్ళు చాపుకుని కూర్చోవడం మోకాళ్ళకు హాయే గాని, తొట్టి సీటు నేలకు దగ్గర. దిగడం సులభం, లేవడం కష్టం. తలుపు లేని తొట్టి అయితే అంచు మీదుగా కాలెత్తి దాటాలి. అది బుల్లెట్టు ఎక్కడం కన్న తక్కువ బాధేమీ కాదు. మేము ప్రక్కకు తలుపు పెట్టించి, సీటు నాలుగు అంగుళాలు ఎత్తు చేయించి, లేవడానికి చేతికి ఊతంగా ఒక ఇనుప కడ్డీ వేయించాం. కొనేముందు కూర్చోవలసినవారిని తీసుకువెళ్ళి, కనీసం పదిసార్లు లేపి చూడండి. రివర్సు గేరు లేదు గనుక, పల్లంలోకి ముక్కు పెట్టి బండి ఆపితే మళ్ళీ వెనక్కు తోసేది మీరే. అరవై దాటిన నడుముకు ఆ పని చెప్పకూడదు. హ్యాండ్‌బ్రేకు కూడా లేదు. వాలులో ఆపితే మొదటి గేరులో వుంచి దిగాలి. పెట్రోలు ఎక్కువే తాగుతుంది: లీటరుకు 35 ఇచ్చిన బండి ఇప్పుడు 25 ఇస్తే గొప్ప. సైడ్‌కారు బిగించిన సంగతి ఆర్.టి.ఓ. ఆఫీసులోనూ, ఇన్సూరెన్సు వారికీ కాగితం మీద తెలియజేసి, జవాబు ఫైలులో పెట్టుకోండి. నోటి మాట నమ్మకండి. ఇది గుమాస్తా సలహా.

ఒంటరిగా వుండి, ఒక్కరే తిరిగే పెద్దలకైతే ఇంత హంగామా అక్కరలేదు. గేర్లు లేని స్కూటరుకు వెనుక అటూ ఇటూ రెండు చక్రాలు వేయించుకోవడం మేలు. కాళ్ళు సరిగా లేనివారు వాడే బండి అని కొందరు దాని మొహం చూడరు. సిగ్నల్ దగ్గర కాలు దింపనక్కరలేని సుఖం ఎవరి కాలికైనా సుఖమే.

పోయిన కార్తీకంలో ఇద్దరూ లేపాక్షి వెళ్ళారు. హెబ్బాళ దాటి, దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి మీదుగా కొడికొండ చేరి ఎడమకు తిరిగితే, మొత్తం 120 కిలోమీటర్లు. మామూలుగా రెండున్నర గంటల దారి, వీళ్ళకు అయిదు గంటలు పట్టింది. గంటకు 45 దాటవద్దని అక్కయ్య ఆజ్ఞ. హెల్మెట్లలో మాట వినబడదు గనుక ఆమె చేతిలో ఒక చిన్న బెత్తం. బావగారి ఎడమ కాలి మీద ఒక దెబ్బ వేస్తే నెమ్మది, రెండు వేస్తే ఆపు. ఊరు రాకముందే ఆ ఏకశిలా నంది ఎదురవుతుంది గదా, సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. అక్కడ రెండు దెబ్బలు పడ్డాయట. విరూపన్న కట్టించిన వీరభద్రస్వామి గుళ్ళో, నేలకు ఆననట్టుండే స్తంభం క్రిందుగా అందరిలాగే చీర కొంగు లాగి చూశారు. అక్కయ్య తిరిగివచ్చి నాతో అన్న మాట మాత్రం గుడి గురించి కాదు.

"ఒరేయ్, ఈ దారిన ఇరవైసార్లు పోయివుంటాను. ఇన్నాళ్ళూ నాకు కనబడింది ఈయన వీపు ఒక్కటే. నందికొండ అంత పెద్దదని నిన్ననే తెలిసింది."

బావగారు కాఫీ తాగుతూ ఏమీ అనలేదు. ఆ పూట నుండి ఫోనులో మా మేనల్లుడి అభ్యంతరం మారింది. "ఎన్నాళ్ళు తోలుతారు?" అన్నాడు. ఈ ప్రశ్న న్యాయమైనది. నవ్వి త్రోసివేయదగినది కాదు. యాభై అయిదు దాటినవారికి లైసెన్సు అయిదేసి సంవత్సరాలకే ఇస్తారు, డాక్టరు సర్టిఫికెట్టు కూడా జతచేయాలి. కాని అయిదేళ్ళలో కళ్ళూ చేతులూ ఎంత మారుతాయో కాగితానికి తెలియదు. అందుచేత అక్కయ్య నన్ను పిలిచి, షరతులు టైపు చేసి తెమ్మన్నది. నేను అలవాటు కొద్దీ పేజీన్నర తయారుచేశాను. ఆమె మూడు లైన్లు వుంచి మిగతా కొట్టివేసింది. చీకటి పడ్డాక బండి కదలరాదు. ప్రతి ఉగాదికి కళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళవలెను. ఇద్దరిలో ఎవరికి భయం వేసినా ఆ రోజు బండి బయటికి రాదు, కారణం అడగరాదు.

బావగారు చదివి, నాలుగోది ఒకటి చేర్చమన్నారు: బెత్తంతో కొట్టేటప్పుడు మోకాలి చిప్పను తప్పించవలెను. అక్కయ్య ఒప్పుకున్నది. ఇద్దరూ సంతకాలు చేశారు. సాక్షి సంతకం నాది. ఒక నకలు మేనల్లుడికి పంపించాం.

ఇప్పుడు హార్స్‌లీ కొండ మీద కన్ను పడింది. చింతామణి, మదనపల్లి మీదుగా పోవాలి. కొండ 1265 మీటర్ల ఎత్తు. ఎక్కడం ఫరవాలేదు, దిగేటప్పటి ఎడమ మలుపులే బావగారి బెంగ. అవి ఎన్ని వున్నాయో, ఎంత ఇరుకో, ముందు నేను బస్సులో వెళ్ళి లెక్కపెట్టి కాగితం మీద రాసుకుని రావాలట. రెండో శనివారానికి టిక్కెట్టు వారే కొనిపెట్టారు.