దండలు వేసేవారికి ఒక మాట

ఆగస్టు 29 రాగానే గిడుగు రామమూర్తి పంతులుగారి పటానికి దుమ్ము దులుపుతాం. దండ వేస్తాం. సభ చివర ఎవరో ఒకరు లేచి, 1936లో పర్లాకిమిడి మన చేయి జారిపోయిందని కంటతడి పెడతారు. చప్పట్లు. కాఫీలు. మళ్ళీ ఆగస్టు దాకా ఎవరి దారి వారిది.

ఈ కంటతడి మీదే నా అభ్యంతరం.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి పట్నం అటు పోయింది. జమీందారీలో కొంత భాగం మద్రాసు రాష్ట్రంలోనే మిగిలింది. ప్రత్యేక ఒరిస్సా కోసం లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో వాదించిన కృష్ణచంద్ర గజపతి 1937లో ఆ రాష్ట్రానికి తొలి ప్రధాని అయ్యారు. విలీనాన్ని వ్యతిరేకించిన రామమూర్తిగారు ఊరు విడిచి రాజమండ్రి చేరారు. మనం చెప్పుకొనే కథ ఇక్కడితో సరి. రాజుగారి కోట, పంతులుగారి బండి - ఊరంటే ఇంతేనా? ఊరు విడిచి వెళ్ళలేనివాళ్ళ మాటేమిటి?

వాళ్ళు బతికారు. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి పడిన చిన్న రైలు 1931లో గుణుపురం దాకా పోయింది. రాష్ట్రాలు వేరైనా ఆ పట్టాలు వేరు కాలేదు. 2004లో చిన్న రైలు ఆగింది. 2011లో పెద్ద పట్టాల మీద గుణుపురానికి మళ్ళీ రైలు నడిచింది. 1992లో గజపతి జిల్లా ఏర్పడి ఊరు జిల్లా కేంద్రమైంది. కొమ్ముతో బొమ్మలు చేసే పనివాళ్ళు ఆ ఊరి పేరు నిలబెట్టారు. పాతపట్నం నీలమణి దుర్గమ్మకు మొక్కేవాళ్ళలో తెలుగువారూ ఉన్నారు, ఒడియావారూ ఉన్నారు. అమ్మవారు ఎవరినీ భాష అడగలేదు. ఈ బతుకంతా చరిత్ర కాదా? మన పత్రికల్లో దీనికి దక్కిన పేజీలెన్ని? పోగొట్టుకున్నదానికి లెక్క కట్టాం గాని, మిగిలినదానికి లెక్క రాయలేదు.

ఇంకో మాట. రామమూర్తిగారు 1880లో ఆ ఊరికి బడిపంతులుగా వచ్చి, కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు. వాళ్ళ పిల్లలకు వాళ్ళ భాషలోనే బడులు పెట్టించారు. సవర భాష మీద ఆయన రాసిన పుస్తకం 1931లో వచ్చింది, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. ఊరు విడిచినా సవరను విడవలేదన్నమాట. ఆయనకు దండ వేసే మనలో సవర మాట ఒక్కటైనా వచ్చినవారెందరు? మన భాషకు అన్యాయం జరిగిందంటూ, మనకంటే బలం లేనివాళ్ళ భాషను పట్టించుకోకపోతే మన వాదానికి కాళ్ళెక్కడ? తల్లి భాషలో చదువు అనే హక్కు తెలుగువాడికొకటి, సవరవాడికొకటి ఉండదు.

‘ప్రభుత్వాలు బడులు మూసేస్తుంటే మేమేం చేస్తాం?’ అంటారు. ప్రభుత్వాలది తప్పే. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతి కల్పించమని రాజ్యాంగం 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతూనే ఉంది. కాని ఆ అధికరణం చూపించి అర్జీ పెట్టాలంటే తెలుగు చదివే పిల్లలుండాలి కదా! సభలో తెలుగు కోసం గొంతు చించుకొన్న పెద్దమనిషి ఇంటికెళ్ళి మనవడితో ఏ భాషలో మాట్లాడుతున్నాడు? హోసూరు వారూ, బళ్ళారి వారూ, బరంపురం వారూ, షోలాపురం వారూ, యానాం వారూ - మీ ఇళ్ళలోకి మీరే తొంగి చూసుకోండి. సరిహద్దు కమిషన్ ఏదీ మన వంటింట్లోకి రాలేదు. అక్కడ గీత గీసింది మనమే.

అందుకని మనవి. వచ్చే ఆగస్టుకు దండ మానినా ఫరవాలేదు. ఊళ్ళో ముసలివాళ్ళు ఉండగానే వాళ్ళ పక్కన కూచుని, వాళ్ళు చదివిన బడి, చేసిన పని, ఎక్కిన రైలు, ఇరుగుపొరుగుతో పడిన తగువులు, కుదిరిన వియ్యాలు - వాళ్ళ మాటల్లోనే రాసి పెట్టండి. జనం నోటి మాటే రాతకు తగిన భాష అని వాదించినాయనకు అంతకంటే పెద్ద దండ లేదు. రాసింది పిల్లల చేత చదివించండి. చదవలేకపోతే, 1936ను తిట్టడం ఆపి, ఆ సాయంత్రమే పలక కొనండి.