మొత్తం చూసి మోసపోకండి

హోట్గి రోడ్డులో మా వాడలో ఈ మధ్య ఒక సభ జరిగింది. వక్తల్లో ఒకాయన, "మన దేశంలో ఆడవాళ్లు మగవాళ్ల సంఖ్యను దాటిపోయారు. ఇక ఆడపిల్లలు తగ్గిపోతున్నారని ఏడవడం మానండి" అన్నారు. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టబోయి ఆగాను. ముప్ఫయ్యేళ్లుగా బ్యాంకులో లెక్కలు చూస్తున్నవాణ్ణి. మొత్తం మాత్రం చెప్పి లోపలి ఖాతాలు చూపించనివాణ్ణి నమ్మకూడదని నా ఉద్యోగం నాకు నేర్పింది.

ఆయన చెప్పిన అంకె 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోది. వెయ్యిమంది మగవాళ్లకు 1020 మంది ఆడవాళ్లు. కాని అది జనగణన కాదు, ఎంపిక చేసిన ఇళ్లకు వెళ్లి చేసిన సర్వే. పనికోసం ఊరు విడిచి కార్ఖానాల్లోనే పడుకునే మగవాళ్లు ఆ లెక్కలోకి రారు. పైగా అదే సర్వే, అంతకు ముందు అయిదేళ్లలో వెయ్యిమంది మగశిశువులకు 929 మంది ఆడశిశువులే పుట్టారని చెప్పింది. ఆ మాట సభలో ఎవరూ ఎత్తలేదు.

జనగణన చూద్దాం. వెయ్యిమంది మగవాళ్లకు 1901లో 972 మంది ఆడవాళ్లు ఉండేవారు. 1991 నాటికి 927కి దిగజారింది. 2011లో 943 అయింది. పెరిగిందిగదా అంటారు. ఆరేళ్లలోపు పిల్లల ఖాతా విప్పండి. 1991లో 945, 2001లో 927, 2011లో 919. మొత్తం పెరుగుతుంటే పిల్లల లెక్క తరుగుతోంది. అవ్వలు ఎక్కువకాలం బతుకుతున్నారు, మంచిదే. కాని వాళ్ల ఆయుష్షుతో మనవరాళ్ల లోటు కప్పిపుచ్చుతున్నాం. పాత డిపాజిట్లతో కళకళలాడుతూ కొత్త ఖాతా ఒక్కటీ తెరవని బ్రాంచి ఎన్నాళ్లు నడుస్తుంది?

చట్టం లేకనా? గర్భంలో ఆడా మగా చెప్పే పరీక్షలను అదుపు చేస్తూ దేశంలో మొదట 1988లో చట్టం చేసింది మన మహారాష్ట్రే. కేంద్రచట్టం 1994లో వచ్చింది. అయినా మహారాష్ట్రలో పిల్లల నిష్పత్తి 1991లో 946 ఉన్నది 2011లో 894కి పడిపోయింది. మన పుట్టినిల్లు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మేలా? అదే కాలంలో అక్కడా 975 నుంచి 939కి తగ్గింది.

"అది పైవాళ్ల పాపం, మనకేం సంబంధం?" అనకండి. మన ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుట్టి సంసారాలు లాక్కొచ్చారు. సాంచాలు ఆగిపోయిన రోజుల్లో పొయ్యి వెలిగించింది ఆ చేతులే. వాళ్లు వెయ్యి చొప్పున లెక్కపెట్టి బీడీలు అప్పజెబుతారు. వెయ్యికి నాలుగు తక్కువైనా కార్ఖానాలో ఊరుకోరు. వెయ్యికి ఎనభై మంది పిల్లలు తక్కువైతే మాత్రం మనం చప్పట్లు కొడుతున్నాం!

ఆ తల్లులే నా టేబులు ముందు కూర్చుని "కొడుకు చదువుకు, బిడ్డ పెళ్లికి" అని డిపాజిట్లు వేస్తారు. రాసిచ్చేవాణ్ణి నేను. ఎందుకమ్మా అని ఒక్కనాడూ అడగలేదు. అడిగే మొహం నాకు లేదు. నా కొడుకు పేర చదువుకని, నా కూతురి పేర పెళ్లికని వేసినవాణ్ణే నేనూ. కట్నం ఇచ్చాను. పుట్టకముందే ఆడపిల్లను అప్పుపద్దులో రాసే అలవాటు అక్కడే మొదలవుతుంది. స్కానింగు యంత్రం తర్వాతి సంగతి.

మన తెలుగు బడుల్లో పిల్లలు తగ్గిపోతున్నారని ఈ పత్రికలోనే ఎన్నోసార్లు బాధపడ్డాం. ఆ పిల్లల్లో ఆడపిల్లలెందరో ఎప్పుడైనా లెక్కపెట్టామా? మన సంఘాల పెద్దలకు నాదొకటే విన్నపం. మన వాడల్లో ఏటా పుట్టిన ఆడపిల్లలెందరో, మగపిల్లలెందరో ఒక పుస్తకంలో రాయించండి. నారళీ పున్నమినాడు మార్కండేయుని రథం కదిలేముందు ఆ రెండంకెలూ అందరికీ వినబడేలా చదవండి. చప్పట్లు కొట్టాలో తలదించుకోవాలో అప్పుడు తేల్చుకుందాం.