పన్ను లేదు – పత్రము తప్పదు

వృద్ధులపట్ల ప్రభుత్వమునకు దయ కలదని ఏటేట బడ్జెటు ప్రసంగములలో వినుచున్నాము. దయ కలదనియే మేమును ఒప్పుకొందుము. కాని దయ శాసనపుస్తకములో నుండుట వేఱు. తిరుపతిలో గాంధీరోడ్డు ప్రక్క సందులో ఒంటరిగా కాలము గడుపు డెబ్బదియెనిమిదేండ్ల పింఛనుదారుని చేతికి అందుట వేఱు. ఈ రెంటికి నడుమ నున్న దూరమునకు పేరు రిటర్ను. దానిని గూర్చియే నేడు వ్రాయ బూనితిమి.

ముందుగా న్యాయముగా చెప్పవలసినది చెప్పుదము. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము అరువదేండ్లు నిండినవారిని వృద్ధులుగను, ఎనుబదేండ్లు నిండినవారిని అతివృద్ధులుగను గుర్తించినది. పాతపద్ధతి నెన్నుకొన్నచో మొదటివారికి 3 లక్షల రూపాయల వఱకును, రెండవవారికి 5 లక్షల వఱకును పన్ను లేదు. డిపాజిట్లపై వచ్చు వడ్డీలో 50,000 రూపాయలను 2018లో చేరిన 80 టి.టి.బి. సెక్షను మినహాయించుచున్నది. ఆరోగ్యబీమాకు, బీమా లేనిచో వైద్యపు ఖర్చునకు, మఱియొక 50,000 వఱకు మినహాయింపు కలదు. వ్యాపారాదాయము లేని వృద్ధుడు ముందస్తు పన్ను కట్ట నక్కఱలేదు. 2025 ఏప్రిలు 1 మొదలు వృద్ధుల వడ్డీ ఏడాదికి 1 లక్ష దాటినగాని బ్యాంకులు పన్ను కోయరాదు. అంతకు ముందీ హద్దు 50,000 మాత్రమే. ఆ యేటి సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత ఆరోగ్యబీమాపై 18 శాతపు జి.ఎస్.టి. తొలగినది. ఇవి యన్నియు మంచివే. మంచిని మంచి యనుటకు మాకు సంకోచము లేదు.

ఐతే ఇప్పుడు సర్వసాధారణమైన క్రొత్తపద్ధతిలో వయస్సు మాసిపోయినది. ఇరువదియైదేండ్ల యువకునికిని, ఎనుబదియైదేండ్ల ముదుసలికిని హద్దొకటియే: 4 లక్షలు. వడ్డీ మినహాయింపు లేదు, బీమా మినహాయింపు లేదు. “పండ్రెండు లక్షల వఱకు రిబేటున్నది గదా! ఇక ఈ వృద్ధులకు పన్నెక్కడిది? ఫిర్యాదెందులకు?” అని కొందఱు ప్రశ్నింతురు. ఆ ప్రశ్నలోనే మా ఫిర్యాదున్నది.

నెలకు 50,000 రూపాయల పింఛను వచ్చు రిటైర్డు ఉపాధ్యాయుని తీసికొనుడు. ఏడాదికి 6 లక్షలు. 75,000 రూపాయల ప్రామాణిక మినహాయింపు పోగా 5,25,000. రిబేటు వలన పన్ను సున్న. ఐనను ఆదాయము 4 లక్షలు దాటినది గావున రిటర్ను దాఖలు చేయక తప్పదు. సున్న రూపాయల పన్నును సున్న యని చెప్పుకొనుటకై యీ పెద్దమనిషి పాన్ సంఖ్యను ఆధారుతో ముడివేయవలెను, సంకేతపదమును గుర్తుంచుకొనవలెను, సెల్‌ఫోనుకు వచ్చు ఓటీపీని నిమిషములలో చదివి ఎక్కింపవలెను. కంటిపొర ఆపరేషను కొఱకు వేచియున్న వానికి అరచేతి యద్దములో మెఱయు ఆఱంకెలు ఎంత దూరమో రాజధానిలో పత్రములు గీయువారికి తెలియునా? పన్ను మాఫీ చేసి పత్రమును మిగుల్చుట, అప్పు కొట్టివేసి వాయిదాలకు కచేరీకి రమ్మన్నట్లున్నది.

ఇక కోసిన పన్ను సంగతి. ఒక ముదుసలికి బ్యాంకు డిపాజిట్లపై ఏడాదికి 1,20,000 రూపాయల వడ్డీ వచ్చినదనుకొందము. ఆమెకు వేఱు ఆదాయము లేదు. పన్ను కట్టవలసిన పని యసలే లేదు. కాని 15 హెచ్ అను పేరుతో చిరకాలముగా తెలిసిన వాఙ్మూలమును ఆ యేడు సకాలమున ఇయ్యలేదు. అది ఏటేట ఇయ్యవలసినది. ఎన్ని బ్యాంకులో అన్ని తావుల ఇయ్యవలసినది. ఇయ్యనందుకు 10 శాతము వంతున 12,000 రూపాయలు కోతపడును. పాన్ ఆధారుతో ముడిపడక చెల్లనిదైనచో 20 శాతము, అనగా 24,000. మన రాష్ట్రమున 2024 జూలై నుండి ఇచ్చుచున్న వృద్ధాప్యపు పింఛను నెలకు 4,000 రూపాయలు. ఆ కొలతతో చూచిన మొదటి కోత మూడునెలల గ్రాసము, రెండవది ఆఱునెలల గ్రాసము. ఈ సొమ్ము ఆమెదే. ప్రభుత్వమునకు దానిపై హక్కు లేదని ప్రభుత్వపు చట్టమే చెప్పుచున్నది. ఐనను ఆమె రిటర్ను వేసి అడిగినగాని తిరిగి రాదు. అడుగ నేరని వారి సొమ్ము ఖజానాలో నిలిచిపోవును. అడుగలేనివాని సొమ్మును అట్టిపెట్టుకొను వర్తకుని మనమే పేరుతో పిలుతుమో పాఠకులే యోచింతురుగాక.

ఈ బాధ ప్రభుత్వమువారికి తెలియక పోలేదు. 2021 నాటి ఫైనాన్సు చట్టముచే 194 పి సెక్షనును చేర్చి, డెబ్బదియైదేండ్లు నిండినవారిని రిటర్ను బాధ్యతనుండి తప్పించితిమనిరి. పత్రికలలో శీర్షికలు పెద్దవిగా వచ్చినవి. సెక్షనును చదివినచో శీర్షిక కరగిపోవును. ఆదాయము పింఛనుగను వడ్డీగను మాత్రమే యుండవలెను; పింఛను వచ్చు బ్యాంకులోనే వడ్డీయు రావలెను; ఆ బ్యాంకునకు వాఙ్మూల మియ్యవలెను. ఇంటిలో ఒక గది అద్దెకిచ్చిన నీ సదుపాయము లేదు. అంతకంటె వింత యింకొకటి కలదు. వృద్ధుల పొదుపు పథకమున 30 లక్షల వఱకు దాచుకొనుడని 2023లో హద్దు పెంచి ప్రోత్సహించినదీ ప్రభుత్వమే. ఆ పిలుపు విని పోస్టాఫీసులో దాచుకొన్న వృద్ధునికి వడ్డీ వేఱొక చోటనుండి వచ్చుచున్నది గనుక 194 పి వర్తింపదు. ఒక శాఖ మాట విన్న పాపమునకు ఇంకొక శాఖ దండించుచున్నది!

ఎనుబదేండ్లు దాటినవారు కాగితముపై రిటర్ను వేయవచ్చునని మఱియొక సౌకర్యము కలదు. ఇదియు ఒకటవ, నాలుగవ నమూనాలకే. ఆ నమూనాలలో వ్యవసాయాదాయము 5,000 రూపాయలు మించరాదు. బంగారుపాళెము, దామలచెఱువు మండీలకు తోతాపురి కాయ తోలు మన జిల్లాలలో పింఛను పుచ్చుకొను పెద్దలకు నాలుగు మామిడిచెట్లైన లేని యిండ్లెన్ని? కాయ అమ్మగా 5,001 రూపాయలు మిగిలెనా, కాగితపు హక్కు పోయినది. రెండవ నమూనాను కంప్యూటరుపై నింపవలసినదే. వ్యవసాయాదాయముపై పన్ను లేదు. పన్ను లేని ఆదాయమే పత్రమును కఠినము చేయుట మన రాయలసీమ రైతు పింఛనుదారునకు మాత్రమే తెలిసిన విచిత్రము.

“పిల్లలు చేసిపెట్టరా? నెట్ సెంటరున్నది గదా?” అందురు. పిల్లలు బెంగుళూరున, హైదరాబాదున, కడలి కావల నున్నారు. నెట్ సెంటరు కుఱ్ఱవానికి పాన్, ఆధారు, బ్యాంకు పుస్తకము, ఓటీపీ అప్పగించుట యనగా ఇంటి తాళపుచెవి నప్పగించుటయే. పైగా రిఫండు పెంచి యిప్పింతుమని లేని మినహాయింపులను వ్రాయు దళారులు బయలుదేరినారు. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖవారు ఇట్టి దొంగ మినహాయింపుల విషయమై దేశమున 150 తావులలో తనిఖీలు చేసిరి. దళారికి వాటా దక్కును. రిటర్ను మాత్రము వృద్ధుని పేరున నుండును. నోటీసు వృద్ధునికే వచ్చును. తెలియక చేసితినన్న మాట చట్టము ముందు నిలువదని మావంటి న్యాయవాదులు వేఱుగా చెప్ప నక్కఱలేదు.

రిటర్నులు లేకున్న ఎగవేతదారులు పెరుగుదురను వాదము కొంత ఆలోచింపదగినది. కాని వృద్ధుని పింఛను ఇచ్చునది ప్రభుత్వమో, దాని బ్యాంకో. వడ్డీ లెక్క బ్యాంకులును పోస్టాఫీసులును శాఖకు పంపుచునే యున్నవి. 2021 నవంబరు నుండి వార్షిక సమాచార నివేదిక యను పట్టికలో ప్రతివాని వడ్డీ, డివిడెండు, కొనుగోళ్లు శాఖయే కూర్చి చూపుచున్నది. తాను ముందే యెఱిగిన దానిని తనకే మరల చెప్పుమని ముదుసలిని వేధించుట ఎగవేతను పట్టుకొనుట కాదు. ఎగవేయువాడు పింఛను పుస్తకములో దాగి యుండడు.

పన్నునకును స్వాభిమానమునకును గల సంబంధము ఆంధ్రులకు క్రొత్తది కాదు. 1860లో జేమ్సు విల్సను ఈ దేశమున ఆదాయపు పన్ను ప్రవేశపెట్టినది, 1857 తిరుగుబాటు నణచుటకైన ఖర్చు పూడ్చుకొనుటకు. నాటి దొరతనము పన్నిచ్చువానికి మర్యాద చూపవలెనని ఎవరును ఆశింపలేదు. 1921లో చీరాల పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున మునిసిపలు పన్నులకు లొంగక ఊరు విడిచి గుడిసెలలో నివసించిరి. అది పరాయి ప్రభుత్వము. నేడున్నది మనది. 1961 చట్టము పుట్టిన యేట లోక్‌సభాధ్యక్షులుగా నుండినవారు తిరుచానూరున పుట్టి, చిత్తూరున న్యాయవాదిగా నుండిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. నాడు వారు చిత్తూరు ప్రతినిధులు. కావున పన్ను కట్టవలదని మేము చెప్పము. కట్టవలసినవాడు కట్టవలెను. కట్టనక్కఱలేనివానిని కట్టువానికంటె ఎక్కువ తిప్పరాదనియే మా వాదము. బాలురను, వృద్ధులను, అనాథలను రాజు పోషింపవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రమే విధించినది. కోశమును గూర్చి అంత కఠినముగా వ్రాసినవాడు సైతము వృద్ధుని మఱవలేదు.

ఇప్పుడు 1961 చట్టమును త్రోసి 2025 చట్టమును చేసినారు. 2026 ఏప్రిలు 1 దానికి ప్రారంభదినము. 819 సెక్షన్లు 536కు తగ్గినవని గర్వముగా చెప్పుచున్నారు. సెక్షన్లు తగ్గుట పండితులకు సంతోషము. ముదుసలి నడక ఎన్ని యడుగులు తగ్గినదో యెవరును లెక్కింపలేదు.

ఇతరదేశముల సంగతి చూడుడు. అమెరికాలో 1978 నాటి చట్టము అరువదేండ్లు దాటినవారికి ఉచితముగా పన్ను సలహా లిప్పించుటకు ప్రభుత్వధనము కేటాయించినది. అంతకు పదేండ్ల ముందే, 1968లో, స్వచ్ఛందసేవకులు ఆ పనికి పూనుకొనిరి. వారు కూర్చుండు చోట్లలో గ్రంథాలయములు ముఖ్యములు. 2019 ఆదాయమునుండి వృద్ధులకై పెద్ద యక్షరముల పత్రమే వేఱుగా వచ్చినది. ధనస్వామ్యమని మనము దూఱు దేశమున వృద్ధునికి పెద్దయక్షరములు దొరకినవి. ధర్మభూమి యని చెప్పుకొను చోట ఓటీపీ దొరకినది.

కేంద్రప్రభుత్వమును మేము కోరునవి నాలుగు. మొదటిది: 194 పి వయస్సును అరువదియైదునకు దించి, ఎన్ని బ్యాంకులైనను, పోస్టాఫీసైనను, కొద్దిపాటి అద్దెయైనను వర్తింపజేయవలెను. రెండవది: పన్ను సున్నయని శాఖ పట్టికయే చూపునపుడు కోసిన సొమ్మును అడుగకయే ఖాతాకు పంపవలెను. మూడవది: డెబ్బదేండ్లు దాటిన ప్రతివారికి, ఏ నమూనాయైనను, తెలుగులో ముద్రించిన కాగితముపై దాఖలు చేయు హక్కుండవలెను. నాలుగవది: 15 హెచ్ వాఙ్మూలము ఒకసారి యిచ్చిన, మార్పు తెలుపువఱకు చెల్లవలెను.

రాష్ట్రప్రభుత్వమును కోరునది యొకటియే. నెల మొదటితేదీన సచివాలయ ఉద్యోగులు పింఛను పట్టుకొని వృద్ధుల యిండ్లకు పోవుచున్నారు. సొమ్ము మోసికొని పోగలిగిన కాళ్లకు పత్రము మోయుట భారమగునా? ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు పన్నును మనమందఱము కట్టుచునే యున్నాము. తిరుపతిలో, చిత్తూరులో, శ్రీకాళహస్తిలో, పుంగనూరులో గ్రంథాలయమున వారమునకు రెండు దినములు ఒక బల్ల, ఒక కంప్యూటరు, ఒక తెలిసిన మనిషి యుండవలెను.

తిరుపతి చిత్తూరు పౌరులారా! ప్రభుత్వము కదలువఱకు మనము కూర్చుండరాదు. 1911లో బెజవాడ రామమోహన గ్రంథాలయము, 1914లో ఆంధ్రదేశపు తొలి గ్రంథాలయ మహాసభ ప్రభుత్వపు ఉత్తరువుతో పుట్టలేదు. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారు అక్షరమును జనుల ముంగిటికి మోసిరి. నాటి పఠనాలయములలో చదువ నేరనివారికి పత్రిక చదివి వినిపించుట ఒక సేవ. నేటి పత్రము చదువ నేరనివారు మన తండ్రులు, మన గురువులు. జూలై మాసమున ఆదివారములు నాలుగు. న్యాయవాదులు, ఆడిటర్లు, కామర్సు విద్యార్థులు పఠనాలయమున పూటకొకరు కూర్చున్న చాలును. రుసుము పుచ్చుకొనరాదు, సంకేతపదము వ్రాసి పెట్టుకొనరాదు, లేని మినహాయింపు వ్రాయరాదు, వేసిన ప్రతిరిటర్ను నకలును వృద్ధుని చేతికియ్యవలెను. ఈ నాలుగు నియమములు చాలును.

ముప్పదేండ్లు జీతమునుండి పన్ను కోయించుకొని దేశమునకిచ్చినవారు వీరు. వీరికి రావలసిన పండ్రెండువేలను వీరిచేత బిచ్చమడిగించుట ప్రభుత్వమునకు తగదు. చూచుచు నూరకుండుట మనకును తగదు.